రెండో పేజీలో వంకాయకూర

వాట్‌గంజ్‌లో బెంగాలు ఓడరేవు కూలీల కోసం ఒక ధర్మాసుపత్రి ఉంది. అందులో మనసు బాగుచేసేవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ తెలుగువాళ్ళే. మనుషుల మధ్య తెగిపోయిన మాటలు కలపడమే ఇద్దరి వృత్తీ. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ ఇద్దరూ మెట్ల మీద ఎదురైతే ఒకరు గోడకేసీ, ఇంకొకరు ఫోనుకేసీ చూసుకుంటూ తప్పుకుపోయేవాళ్ళు.

కింది అంతస్తులో డాక్టర్ మృత్యుంజయ, సైకియాట్రిస్టు. హైదరాబాదు నుంచి వచ్చి ఏడాదిన్నరయింది. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే ఒంటిగంటకి అరవై మందిని చూసి లేస్తారు. మనిషికి నాలుగు నిమిషాలు. నిద్ర పడుతోందా, ఆకలవుతోందా, మాత్ర వేసుకుంటున్నావా, సరే, తర్వాతి మనిషిని పిలవండి. అంతే, అయిపోయింది.

పై అంతస్తులో కారుణ్య, సైకాలజిస్టు. ముప్ఫై ఒకటో ఏడు. మనిషికి నలభై నిమిషాలు. ఈమెకి మాత్ర రాసే అధికారం లేదు, వినే ఓపిక మాత్రం బండెడు ఉంది. కూలీలు ఆయన్ని మందుల డాక్టరు అనేవాళ్ళు, ఈమెని గొల్పొ దిది అనేవాళ్ళు. బెంగాలీలో గొల్పొ అంటే కథ. కథలక్క! ఎంఫిల్ దాకా చదివి, రాత్రింబవళ్ళు వేళ్ళు కాయలు కాచేలా పరీక్షలు రాసి, చివరికి వచ్చిన బిరుదు కథలక్క. వాళ్ళు ప్రేమగానే అనేవాళ్ళు పాపం, కారుణ్యకి మాత్రం ఒళ్ళు మండిపోయేది.

పద్ధతి ఏమిటంటే, రోగి ముందు కింద డాక్టరుగారిని చూడాలి. ఆయన ఒక చీటీ రాసి నర్సు చేత రోగికి ఇప్పిస్తారు. రోగి దాన్ని పట్టుకుని మెట్లెక్కి కారుణ్య దగ్గరికి వస్తాడు. చీటీ మీద పైన ఇంగ్లీషులో ఎప్పుడూ ఒకటే మాట ఉండేది: మాట్లాడి పంపండి. దాని కింద నాలుగైదు వరసల గిలుకుడు. డాక్టర్ల రాత సంగతి తెలియనిదెవరికి? చీమని సిరాలో ముంచి కాగితం మీద వదిలినట్టు ఉంటుంది. కారుణ్య ఆ గిలుకుడు వైపు చూసేదే కాదు. పైనున్న ఆ ఒక్క మాటే చాలు ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కడానికి. మాట్లాడి పంపండట! తనేమైనా టిక్కెట్టు కౌంటరా?

ఆయన చేరిన మొదటి రోజు మాత్రం ఇద్దరూ కాస్త పలకరించుకున్నారు.

"తెలుగువాళ్ళేనా అమ్మా? సంతోషం. ఇక్కడే పుట్టిపెరిగారన్నారు. తెలుగు చదవడం రాయడం వచ్చా?" అని అడిగారు ఆయన.

ఆ అడగడంలో కారుణ్యకి ఏదో వెటకారం వినిపించింది. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లకి పౌరుషం తక్కువా? "ఎందుకు రాదు సార్? శుభ్రంగా వచ్చు," అనేసింది. అది పూర్తిగా నిజం కాదు. అయినా ఎవరొచ్చి పరీక్ష పెడతారు?

ఆ తర్వాత ఇద్దరి మధ్యా కాగితాలే నడిచాయి. ఆయన చీటీ పంపేవారు, ఈమె రెండు పేజీల రిపోర్టు ఇంగ్లీషులో టైపు చేసి పంపేది. ఆయన నుంచి ఒక ప్రశ్న లేదు, ఒక జవాబు లేదు, బాగుందనో బాగాలేదనో ఒక్క ముక్క లేదు. ఒకవేళ ఆయన చదవడమే లేదేమో? ఈ అనుమానం పుట్టాక కారుణ్యకి అన్నం సయించలేదు.

అప్పుడు చేసింది ఆ కోతిపని. జీవరత్నం అనే క్రేన్ డ్రైవరు ఉండేవాడు. ఒకరోజు ఇనుపతాడు తెగి బరువు పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రోజు నుంచి అతనికి నిచ్చెన చూస్తే చాలు చేతులు వణుకు. వారానికోసారి వచ్చేవాడు. అతని రిపోర్టులో రెండో పేజీ మధ్యలో కారుణ్య ఇలా ఇరికించింది: "రోగికి తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోంది. అరకిలో లేత వంకాయలు గుత్తిగా కోసి ఉప్పునీళ్ళలో వేయవలెను. రోగికి ముందు రోజుల మీద నమ్మకం తక్కువగా ఉంది. ఎండురొయ్యల తలలు తుంచి దోరగా వేయించవలెను. రోగి తన భార్యతో కూడా ఈ విషయం మాట్లాడలేదు."

రిపోర్టు వెళ్ళింది. వారం తిరిగింది. జీవరత్నం చీటీ పట్టుకుని వచ్చాడు. పైన మాట్లాడి పంపండి, కింద గిలుకుడు. వంకాయల ఊసే లేదు!

"చూశావా, చూశావా! చదవడు!" అని కారుణ్య కుర్చీలో గిర్రున తిరిగింది. కోపం, ఆనందం రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఇక ఆగుతుందా? రెండో వారం పాలు పోసిన ఆనపకాయ కూర. మూడో వారం మామిడికాయ పప్పు. నాలుగో వారం ఉల్లికారం. ఇలా పదకొండు వారాలు, పదకొండు వంటలు. అమ్మ దయమ్మ దగ్గర నేర్చిన వంటలన్నీ జీవరత్నం దిగులు మధ్యలో ఉడికాయి. ఒక్కదానికీ ఆ మహానుభావుడు కిక్కురుమనలేదు.

ఈలోగా జీవరత్నం సంగతి చూస్తే జాలేసేది. వణుకు తగ్గుతోంది, కానీ మనిషి కుర్చీలో కూర్చోగానే కునికిపాట్లు. మాట మధ్యలో గుర్రు. కారుణ్యకి తెలుసు, అది మాత్ర బరువు అని. కానీ మాత్రలు ఆయన రాజ్యం. సైకాలజిస్టు అందులో వేలు పెట్టకూడదు, పెడితే పెద్ద రభస. అందుకని "రోగి నిద్రపోయాడు" అని మాత్రం రాసి, అర్థం చేసుకుంటే చేసుకోనీ, లేకపోతే లేదు, అని మూతి ముడుచుకుంది.

పదకొండో వారం ఆమె ఓపిక నశించింది. సూపరింటెండెంటు మేడమ్‌కి మూడు పేజీల ఫిర్యాదు పెట్టింది. డాక్టర్ మృత్యుంజయ తన రిపోర్టులు ఒక్కటీ చదవరనీ, రోగుల క్షేమం ఆయనకి పట్టదనీ, దానికి సాక్ష్యం ఇదిగోననీ. సాక్ష్యమంటే వంటలు. పదకొండు రిపోర్టుల్లోనూ వంటల మీద పసుపురంగు పూసి మరీ జతచేసింది.

సూపరింటెండెంటు మేడమ్ బెంగాలీ ఆవిడ. ముప్ఫై ఏళ్ళు కాన్పులు చేసి చేసి దేనికీ ఆశ్చర్యపోని మనిషి. ఫిర్యాదు మొత్తం చదివి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది.

"శుక్రవారం పదకొండింటికి ఇద్దరూ నా గదికి రండి. ఆయనకీ ఒక కాపీ పంపుతాను. ఇది నిజమైతే ఆయన బడ్జ్ బడ్జ్ వెళతారు. అబద్ధమని తేలితే నువ్వు వెళతావు. ఆయనకీ ఇదే రాస్తాను. సరేనా?"

బడ్జ్ బడ్జ్‌లో ఆసుపత్రికి చిన్న శాఖ ఉంది. రెండు గదులు, పక్కనే నూనె డిపో వాసన. అక్కడికి పంపిన మనసు డాక్టరుకి రోగులుండరు, రిజిస్టర్లుంటాయి. టీకాల లెక్కలు రాసుకుంటూ కూర్చోవాలి. కారుణ్య చేతిలో ఇక్కడ ఇరవై ముగ్గురు మనుషులున్నారు, సగంలో ఆగిన కథలతో. అయినా భయమెందుకు? సాక్ష్యం పసుపురంగులో మెరుస్తోంది కదా. "సరే మేడమ్," అని గట్టిగా చెప్పి వచ్చేసింది.

గురువారం సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి దయమ్మ డ్యూటీ దిగి వచ్చి, కింద కూర్చుని బియ్యం ఏరుతోంది. భర్త పోయాక రైల్వేలో ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. క్వార్టరు కూడా అలా నిలిచింది. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా ఆవిడ నోట పలాస పక్క మాట పోలేదు. తెల్లారి లేచి తెలుగు బైబిలు ఒక అధ్యాయం చదవందే టీ ముట్టదు.

"ఏటే, అంత ఉషారుగా ఉన్నావు? పెళ్ళి సంబంధమేటైనా ఒచ్చిందేటి?"

"అంతకంటే మంచిదేనమ్మా. రేపు ఆ డాక్టరు పని అయిపోతుంది," అని కారుణ్య సంచీలోంచి చీటీల కట్ట తీసి ఆవిడ ముందు పడేసింది. రేపు మేడమ్‌కి చూపించడానికని దాచిన చీటీలవి. "చూడు, నాతో ఎలా మాట్లాడతాడో! మాట్లాడి పంపండట. దాని కింద ఈ గిలుకుడు. పదకొండు వారాలూ ఇంతే."

దయమ్మ చేతులు చీరకి తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పైచీటీ దీపం వెలుగులోకి ఎత్తింది. కొంచెం దూరంగా పట్టుకుంది. కొంచెం దగ్గరగా పట్టుకుంది.

"గిలుకుడేటే?" అంది. "తెలుగు కదే ఇది!"

కారుణ్య నవ్వింది. "ఊరుకో అమ్మా."

"ఊరుకోడమేటి? రాత బేగి బేగిగా రాసేసినాడు గానీ అచ్చరాలు ముత్యాల్లాగున్నాయి. ఉండు, సదువుతాను." దయమ్మ గొంతు సవరించుకుంది. బైబిలు చదివే గొంతు పెట్టింది. "'కారుణ్య గారూ, రిపోర్టు చదివాను. జీవరత్నం మీ గదిలో నిద్రపోతున్నాడని రాశారు. అది నా మాత్ర వల్లా, లేక మాట్లాడటం ఇష్టం లేకా? నేను అతన్ని నాలుగు నిమిషాలు చూస్తాను, మీరు నలభై నిమిషాలు చూస్తారు. మీరు చెబితే మాత్ర సగం చేస్తాను. ఇంకో మాట. రెండో పేజీలో వంకాయలు కలిసిపోయాయి. పొరపాటనుకుంటాను. మా ఇంట్లో రొయ్యలు తినరు. బదులుగా వడియాలు వేయవచ్చా?'"

కారుణ్య చీటీ మీదికి వంగి చూసింది.

"ఏసుకోవొచ్చు, బాగుంటాది," అంది దయమ్మ చీటీకేసి చూసి, ఆ డాక్టరు ఎదురుగా ఉన్నట్టే. ఆపైన రెండోది అందుకుంది. "'కారుణ్య గారూ, మీ జవాబు రాలేదు. వడియాలు వేశాం. చాలా బాగుంది. పులుపు ఎంత వేయాలో మీరు రాయలేదని మా మంగాదేవి అడగమంది. మాత్ర సంగతి కూడా చెప్పండి.' ఏటే, పులుపు రాయలేదేటి నువ్వు? ఆల్లింటిది ఏటనుకుంటాది?"

"అమ్మా, నువ్వు ముందు చదువు!"

దయమ్మ చదువుతూ పోయింది. కారుణ్య ఒక్కొక్క చీటీకీ కుంగుతూ పోయింది. ఆనపకాయలో పాలు విరిగాయట, ఎప్పుడు పోయాలట. మామిడికాయ పప్పు ఆసుపత్రి డ్రైవరుకి కూడా పెట్టారట. ఉల్లికారం ఘాటుకి పక్కింటి బెంగాలీవాళ్ళు కిటికీలు మూసుకున్నారట. ప్రతి చీటీలోనూ చివర అదే ప్రశ్న: మాత్ర తగ్గించనా? మీరు చెప్పేదాకా నేను ముట్టుకోను. ఎనిమిదో చీటీకి వచ్చేసరికి ఆ ప్రశ్న చిన్నదయిపోయింది: మీకు నా మీద కోపమా?

ఇక చూడండి కారుణ్య అవస్థ. పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. మళ్ళీ వంకాయలు గుర్తొచ్చి నవ్వింది. చర్చిలో పాటల పుస్తకంలోని బొద్దు అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుని చదవగలదు. అవీ సగం పాట వచ్చు కాబట్టి చదివినట్టుంటుంది. చేతిరాత ఆమె ఎప్పుడు చూసిందని? బళ్ళో నేర్చింది బెంగాలీ, ఇంగ్లీషు. తన భాషే తన ముందుకి పదకొండుసార్లు వచ్చి నిలబడితే, డాక్టరు గిలుకుడు అనుకుని పక్కకి తోసేసింది. మధ్యలో పాపం జీవరత్నం గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, ఈవిడగారి జవాబు కోసం!

"శుభ్రంగా వచ్చు సార్ అన్నానమ్మా! నేనే అన్నాను!"

"మరి ఎవుల్ది తప్పు?" అంది దయమ్మ. చీటీలు పేర్చి, దగ్గర కూర్చోబెట్టుకుంది. "రా. ఇది 'క'. ఇది ఆ డాక్టరుబాబు 'మ'. తోక పైకి ఎగేస్తాడు. చూడు."

ఆ సాయంత్రం అన్నం పొయ్యి మీద మాడిపోయింది. తల్లీకూతుళ్ళు పట్టించుకోలేదు.

శుక్రవారం పొద్దున్నే ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని కారుణ్య బయల్దేరింది. ఎప్పుడైనా అవసరమున్న రోజున బస్సు సమయానికి వచ్చిందా? పెద్ద వంతెన మీద లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి అరగంట మింగింది. ఖిదిర్‌పూర్‌లో దిగి పరుగో పరుగు. ఆఫీసులో గుమస్తా పళ్ళు కుట్టుకుంటూ, "ఫైలు ఎప్పుడో పైకెళ్ళిపోయింది దిది," అన్నాడు. గడియారం పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ.

సూపరింటెండెంటు గది బయట బల్ల మీద జీవరత్నం కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి ఒక చీటీ చేతిలో పెట్టాడు. "డాట్రుబాబు ఇచ్చినారమ్మా. ఈ పాలి మీకే ఇవ్వమన్నారు," అని, వెంటనే గోడకి తల ఆనించి కళ్ళు మూసేశాడు. కారుణ్య చీటీ గుప్పిట్లో పట్టుకునే లోపలికి దూరింది.

డాక్టర్ మృత్యుంజయ అప్పటికే కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో మూడు గిన్నెల స్టీలు క్యారియరు. బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు.

"డాక్టర్, ఫిర్యాదు చదివారా?" అని మేడమ్ అడిగింది.

"చదివాను మేడమ్. అక్షరాలా నిజం. నేను రిపోర్టులు చదవను. నన్ను బడ్జ్ బడ్జ్ పంపెయ్యండి."

"అబద్ధం!" అని కారుణ్య అరిచింది. "మేడమ్, ఒక్క ముక్క కూడా నమ్మకండి!"

"ఎవరిది అబద్ధం? ఆయనదా?"

"ఆయనదీ అబద్ధమే, నాదీ అబద్ధమే! ఆయన అన్నీ చదివారు. ఫిర్యాదు రాసింది ఎవరో గానీ వట్టి బుద్ధిలేని మనిషి."

"రాసింది నువ్వే కదా."

"అదే చెబుతున్నాను మేడమ్!"

"కారుణ్య గారు పెద్ద మనసుతో అలా అంటున్నారు," అని డాక్టరుగారు అడ్డొచ్చారు. "తప్పు నాదే."

"పెద్ద మనసూ లేదు, చిన్న మనసూ లేదు! మీరూరుకోండి సార్!"

సూపరింటెండెంటు మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ముప్ఫై ఏళ్ళలో నేను కవలల్ని చూశాను, అడ్డం తిరిగిన బిడ్డల్ని చూశాను," అంది. "ఫిర్యాదు పెట్టినావిడ ముద్దాయి తరఫున, ముద్దాయి ఆవిడ తరఫున వాదించుకోవడం ఇదే చూడటం. సరే. ముందు ఆ వాసనేమిటో చెప్పండి. పావుగంట నుంచి నా ప్రాణం తీస్తోంది."

డాక్టరుగారు క్యారియరు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "ఏం లేదు మేడమ్. నేను వెళ్ళిపోతున్నానని మా ఇంటావిడ కారుణ్య గారికి ఇచ్చి రమ్మంది."

"తెరవండి."

ఆసుపత్రిలో ఆవిడ మాటకి ఎదురుండదు. డాక్టరుగారు పైగిన్నె మూత తీశారు. వడియాలేసిన గుత్తివంకాయ కూర! ఘుమఘుమ గదంతా కమ్ముకుంది. మేడమ్ ఫిర్యాదు ఫైలు దగ్గరికి లాక్కుని, మొదటి రిపోర్టు రెండో పేజీ తీసి, పసుపురంగు మీద వేలు పెట్టింది. ఒకసారి కాగితం చూసింది, ఒకసారి గిన్నె చూసింది.

"గుత్తిగా కోశారు, ఉంది. లేత వంకాయలే, ఉంది. రొయ్యలేవీ?"

"మేం తినం మేడమ్. వడియాలు," అని డాక్టరుగారు నెమ్మదిగా అన్నారు. అని, నాలుక కరుచుకున్నారు.

"అంటే చదివారు."

డాక్టరుగారు గిన్నె మూత పెట్టబోయారు.

"చదివి వండుకుని తిన్నారు. మరి జవాబెందుకు రాయలేదు?"

"రాశారు మేడమ్," అంది కారుణ్య. ఇక దాచేదేముంది? "ప్రతి వారమూ రాశారు. తెలుగులో రాశారు. నేనే చదవలేదు."

"ఎందుకు చదవలేదు?"

ఇరవై ముగ్గురు మనుషుల చేత ఎన్నెన్నో ఒప్పించిన మనిషి, తన వంతు వచ్చేసరికి గుప్పిట్లో చీటీని ఇంకా నలిపింది. "నాకు తెలుగు చదవడం రాదు మేడమ్. అది డాక్టరు గిలుకుడనుకున్నాను."

డాక్టర్ మృత్యుంజయ కుర్చీలోంచి సగం లేచారు. "శుభ్రంగా వచ్చన్నారు కదమ్మా!"

"గొప్పకి అన్నాను సార్!"

"నేను పదకొండు వారాలూ, మీరు నన్ను మనిషిగా కూడా లెక్కచెయ్యడం లేదనుకున్నానమ్మా!"

"నేనూ అదే అనుకున్నాను సార్! అయినా మీరు ఒక్కసారి మెట్లెక్కి వచ్చి అడగకూడదా? పద్దెనిమిది మెట్లు! ఇంగ్లీషులో రాయకూడదా?"

ఆయన తల దించుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. "నామోషీ వేసింది," అన్నారు. "చీటీ నర్సు చేతిలోంచి వెళుతుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఉన్నవాడు మాత్ర తగ్గించనా అని పైగది అమ్మాయిని అడుగుతున్నాడంటారు కదా. తెలుగులో అయితే మీకు తప్ప ఎవరికీ తెలియదని."

"నాకూ తెలియలేదు కదా సార్!"

మేడమ్ ముందు నవ్వింది. ఆ తర్వాత కారుణ్య. ఆఖరికి డాక్టరుగారు కూడా, క్యారియరు కింద పడకుండా పట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వారు. బయట గుమస్తా తలుపు సందులోంచి తొంగిచూసి మళ్ళీ మూసేశాడు.

"నీ చేతిలో అదేమిటి?" అని మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

కారుణ్య గుప్పిట విప్పింది. జీవరత్నం ఇచ్చిన చీటీ, చెమటకి మెత్తబడిపోయింది. "ఇవాళ్టిది మేడమ్."

"చదువు."

"వద్దు మేడమ్," అని డాక్టరుగారు చటుక్కున చెయ్యి చాపారు. నవ్వంతా ఎగిరిపోయింది. "అది మందుల సంగతి."

"చదవనివ్వండి."

కారుణ్య చీటీ బల్ల మీద పరిచి, వేలు పెట్టి మొదలుపెట్టింది. ఒకటో తరగతి పిల్లలా, పైకి. క, కా, కారు. అమ్మ చెప్పిన 'మ' తోక దగ్గర ఆగింది, మళ్ళీ కదిలింది. ఒక్కొక్క మాటా రాయి మోసినట్టు మోసింది. టీ వచ్చింది, మీగడ కట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. డాక్టరుగారు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు.

"'కారుణ్య గారూ, ఇదే నా ఆఖరి చీటీ. ఫిర్యాదు నిజమని ఒప్పుకుంటాను. మాత్ర రాసేవాడు రేపే ఇంకొకడు వస్తాడు. వినేవాళ్ళు దొరకరు. మీరు మీ గదిలోనే ఉండండి. వచ్చే డాక్టరుకైనా జవాబు రాయండి.'"

జవాబు అనే మూడక్షరాల మీద వేలు అలాగే ఉండిపోయింది. తన రిపోర్టు ఎవరూ చదవడం లేదని పదకొండు వారాలు ఊరంతా చాటుకుంది తను. చదివించుకోలేక కింద ఇంకొక మనిషి కూర్చున్నాడని తనకి తట్టనేలేదు. కళ్ళలోంచి నీళ్ళు టపటపా రాలి చీటీ మీద పడ్డాయి.

"ఏముంది అందులో?" అంది తెలుగు రాని మేడమ్.

కారుణ్య డాక్టరుగారికేసి చూసింది. ఆయన ఇంకా కిటికీకేసే చూస్తున్నారు.

"మందుల సంగతే మేడమ్," అంది.

"మందుల సంగతికి ఎవరైనా ఏడుస్తారా?" అని మేడమ్ విసుక్కుంది, కానీ మరి తరచి అడగలేదు. ఫిర్యాదు మూడు పేజీలూ ఫైల్లోంచి లాగి రెండుగా చింపింది. "బడ్జ్ బడ్జ్‌కి ఎవరూ వెళ్ళరు. అక్కడివాళ్ళేం పాపం చేశారు మిమ్మల్ని భరించడానికి? రోజూ ఒంటిగంటకి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర టీ తాగాలి. పది నిమిషాలు. నోటితో మాట్లాడుకోవాలి. కూర మాత్రం సాక్ష్యం, ఇక్కడే ఉంటుంది."

కారుణ్య ముక్కు తుడుచుకుంది. డాక్టరుగారి జేబులోంచి పెన్ను అడిగి తీసుకుంది. చీటీ వెనక్కి తిప్పి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పదకొండు వారాలు ఆలస్యమైన జవాబు రాసింది. మూడే మాటలు. మధ్యలో రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది.

డాక్టరుగారు దాన్ని తీసుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు, వెలుగులో పట్టుకుని చూశారు. "ఇదేం రాతమ్మా? తెలుగేనా?"

"డాక్టరు రాత సార్. 'మాత్ర వల్లే. తగ్గించండి.'"

"నోటితో చెప్పినా తగ్గించేవాణ్ణి," అన్నారాయన. అని, చీటీ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, లోపలివైపు దాచుకున్నారు.

ఇద్దరూ కలిసి బయటికి వచ్చారు. ఆ ఆసుపత్రిలో అలా కలిసి నడవడం అదే మొదలు. బల్ల మీద జీవరత్నం మెడ వాల్చి గుర్రుపెడుతున్నాడు. డాక్టరుగారు ఒక భుజం తట్టారు, కారుణ్య ఇంకో భుజం తట్టింది. అతను ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, ఇటు మాత్రల డాక్టరునీ అటు మాటల డాక్టరునీ ఒకేచోట చూసి, రెండు చేతులూ జోడించేశాడు.

"ఏటి బాబూ, ఇద్దరూ ఒకేపాలి ఒచ్చేసినారేటి? నాకేటైనా పెద్ద జబ్బా?"